క్రాఫ్ట్ జిన్ ఎక్కడ మొదలుపెట్టాలి? పోపుల పెట్టె దగ్గర

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. మీరు ఇన్నాళ్లూ విస్కీ తప్ప వేరేది ముట్టలేదు. ఈమధ్య ఎవరో పార్టీలో ఖరీదైన క్రాఫ్ట్ జిన్ (చిన్న బట్టీల్లో తీసేదన్న అర్థంలో వాడే మాట) పోస్తే "సెంటు సీసా తాగినట్టుంది" అనిపించింది. అయినా ఆసక్తి చావలేదు. పదివేలు పక్కన పెట్టుకున్నారు, మీ అన్నయ్య వచ్చే నెల ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వస్తున్నారు, ప్రపంచంలో తప్పక రుచి చూడాల్సిన పది సీసాల లిస్టు ఇవ్వమన్నారు.

పది సీసాల లిస్టు ఇవ్వను. మూడు సీసాలు చాలు. పాత పద్ధతి లండన్ డ్రై జిన్ ఒకటి (టాంకరే అనుకోండి), గోవాలో తయారయ్యే మన జిన్ ఒకటి, మీ అన్నయ్య చేత తెప్పించుకునే డచ్ జెనీవర్ (జిన్‌కి తాతలాంటిది) ఒకటి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, నీళ్లు కలుపుకుని, చెంచాలతో కొలిచినట్టు కొంచెం కొంచెంగా రుచి చూడండి. ఒక నెల తర్వాత మీకు ఏ దేశం సీసా కావాలో మీకే తెలుస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో: హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, తొమ్మిదేళ్లు క్రూజ్ షిప్పుల బార్లలో, నాలుగేళ్లు లండన్‌లో పనిచేసి వచ్చాను. ఇప్పుడు బార్లలో చేరే పిల్లలకి ట్రైనింగ్ ఇస్తుంటాను. మీరు చేయబోతున్న పొరపాటు నేను ముందే చేశాను. లండన్‌లో మొదటి ఏడాది జీతంలో మిగిలిందంతా జిన్ సీసాలకే పెట్టాను, పద్నాలుగు పోగయ్యాయి. అన్నీ సగం సగం తాగి వదిలేశాను. రెండేళ్ల తర్వాత తీసి చూస్తే నిమ్మ తొక్క, నారింజ తొక్క వాసన మీద నడిచే జిన్లన్నీ చప్పబడిపోయాయి. సగం ఖాళీ సీసాలో గాలి ఉంటుంది, ముందుగా దెబ్బతినేవి ఆ తేలిక వాసనలే. జిన్ విస్కీలా కాదు, మూత తీసిన తర్వాత ఏడాదిలోపు పూర్తి చేయడం మంచిది.

ఇక సెంటు వాసన సంగతి. మీ ముక్కు తప్పు చెప్పలేదు. జిన్ అంటే స్థూలంగా ఏ రుచీ లేని ఆల్కహాల్‌కి జునిపర్ అనే పొద కాయల వాసన ఎక్కించడం. యూరప్ చట్టం ప్రకారం జిన్ అనే పేరు పెట్టాలంటే ఆల్కహాల్ కనీసం 37.5 శాతం ఉండాలి, జునిపర్ రుచి ముందు తెలియాలి. మిగతా దినుసులు ఎవరిష్టం వారిది. గత పాతికేళ్లలో వచ్చిన క్రాఫ్ట్ జిన్లు చాలావరకు ఈ "ఎవరిష్టం" మీదే ఆడుకున్నాయి: గులాబీ, లావెండర్, ఎల్డర్ పువ్వు. 1999లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన హెండ్రిక్స్ దోసకాయ, గులాబీ కలిపి ఒక దారి చూపించింది, ఆ తర్వాత అందరూ తోటలోకి దిగారు. పూల జిన్‌ని ఐస్ లేకుండా, నీళ్లు లేకుండా, విస్కీ తాగినట్టు గుటకేస్తే సెంటులాగే ఉంటుంది. మీకు పోసినవాళ్లు మంచి సీసానే పోసి ఉంటారు, కానీ మొదటి సీసాగా పోయాల్సింది అది కాదు.

జిన్ నేర్చుకోవడానికి తెలుగువాళ్లకి ఉన్నంత సదుపాయం ఇంగ్లిష్‌వాళ్లకి లేదు. ఇది లండన్‌లోనే గమనించాను. మా బార్‌కి కొత్తగా వచ్చిన తెల్ల కుర్రాళ్లకి యాలకుల వాసన, ధనియాల వాసన విడదీసి చెప్పడానికి వారాలు పట్టేది. నాకు మొదటి రోజే తెలిసిపోయేది, ఎందుకంటే అవి మా అమ్మ డబ్బాల్లో ఉన్నవే. జునిపర్ తర్వాత జిన్లలో ఎక్కువగా పడే దినుసు ధనియాలు. నాలుగు ధనియాలు గోటితో నలిపి వాసన చూడండి. కూరలో వచ్చే వాసన కాదు, పచ్చిగా నలిపితే నిమ్మతొక్కలాంటి వాసన వస్తుంది. జిన్‌లో నిమ్మ ఉందనుకుని మోసపోయేది చాలాసార్లు దీని దగ్గరే. అతిమధురం వేస్తారు, పంచదార లేకుండానే నాలుక మీద తీపి నిలుస్తుంది. దాల్చినచెక్క, యాలకులు, మిరియాలు, అల్లం సరే. బాంబే సఫైర్ జిన్‌లో చలవమిరియాలు కూడా ఉంటాయి, మన మూలికల దుకాణాల్లో తోకతో కనిపించే మిరియాలే అవి. మనకి పరిచయం లేనివి రెండే: ఏంజెలికా వేరు, ఓరిస్ వేరు. మొదటిది తడి మట్టి వాసన. రెండోది ఐరిస్ మొక్క దుంపని రెండు మూడేళ్లు ఎండబెట్టి పొడి కొట్టింది, పౌడర్ డబ్బా మూత తీసినట్టుంటుంది. సెంట్ల తయారీలో కూడా ఇదే వాడతారు. కాబట్టి "సెంటు" అన్న మీ మాట ఒక రకంగా సాంకేతికంగా కూడా కరెక్టే.

జునిపర్ మనకి పూర్తిగా పరాయిది కాదు. ఆయుర్వేదంలో దాన్ని హపుష అంటారు, హిమాలయాల్లో పెరుగుతుంది. గోవాలో తయారయ్యే హపూసా జిన్ పేరు అక్కడి నుంచి వచ్చిందే, అందులో వాడేది హిమాలయ జునిపరే. నలిపితే దేవుడి గదిలో సాంబ్రాణికీ, కొత్తగా చేయించిన చెక్క బీరువాకీ మధ్యలో ఉండే వాసన. ఆ వాసన ఒక్కసారి ముక్కుకి పట్టిందంటే ఏ జిన్‌లో జునిపర్ ఎంత ఉందో, ఎవరు పేరుకి మాత్రమే వేశారో చెప్పేయగలరు.

అందుకే మొదటి సీసా టాంకరే అన్నాను. దాంట్లో వేసేవి నాలుగే నాలుగు: జునిపర్, ధనియాలు, ఏంజెలికా, అతిమధురం. అ ఆ ఇ ఈ అన్నమాట. నలభై ఏడు దినుసులు పడే జర్మన్ జిన్ మంకీ 47 చాలా గొప్పది, నాకిష్టం కూడా, కానీ అది మొదటి పాఠం కాదు. ఒక్కో దినుసు తెలియకుండా నలభై ఏడూ ఒకేసారి వింటే సంత గోలలా ఉంటుంది.

రుచి చూసే పద్ధతి చెప్తాను, నా క్లాసుల్లో చెప్పేదే. చిన్న గ్లాసులో 20 మిల్లీలీటర్లు పోయండి, అంతకంటే వద్దు. ముక్కు గ్లాసులో దూర్చేయకుండా గడ్డం దగ్గర పెట్టి, నోరు కొద్దిగా తెరిచి వాసన పీల్చండి. ఆల్కహాల్ ఘాటు నోట్లోంచి పోతుంది, వాసన ముక్కుకి మిగులుతుంది. తర్వాత అంతే కొలత మామూలు నీళ్లు కలపండి, ఐస్ వద్దు. ఇప్పుడు మళ్లీ వాసన చూడండి. మొదట తెలియని రెండు మూడు వాసనలు పైకి లేస్తాయి. కొన్ని జిన్లు నీళ్లు పడగానే పల్చగా పాలు కలిపినట్టు మసకబారతాయి. కల్తీ అనుకోకండి, దినుసుల నూనెలు ఎక్కువగా ఉంటే నీళ్లలో కరగక అలా తేలతాయి. పక్కన ప్లేట్లో ధనియాలు, ఒక యాలక్కాయ, అతిమధురం ముక్క, నారింజ తొక్క పెట్టుకోండి. అనుమానం వచ్చినప్పుడల్లా అది వాసన చూసి, మళ్లీ గ్లాసు వాసన చూడండి. ఇంతకంటే మంచి పుస్తకం నాకు తెలియదు.

"క్రాఫ్ట్" అన్న మాట గురించి కొంచెం కఠినంగానే చెప్పాలి. ఆ మాటకి చట్టంలో అర్థం ఏమీ లేదు. ఎవరైనా లేబుల్ మీద వేసుకోవచ్చు. దాని వెనక ఒక నిజమైన కథ ఉంది. బ్రిటన్‌లో చిన్న బట్టీలకి లైసెన్స్ ఇవ్వని రోజుల్లో సిప్‌స్మిత్ వాళ్లు అధికారులతో రెండేళ్లు తిరిగి, 2009లో లండన్‌లో చిన్న రాగి బట్టీకి అనుమతి తెచ్చుకున్నారు. ఆ గేటు తెరుచుకున్నాక ప్రతి ఊళ్లో ఒక జిన్ పుట్టింది. ఇంకో కారణం డబ్బు. విస్కీ పీపాల్లో ఏళ్ల తరబడి ఆగాలి, జిన్ ఈ వారం తీసి వచ్చే వారం అమ్ముకోవచ్చు. కొత్త విస్కీ బట్టీలు చాలా చోట్ల ముందు జిన్‌తో మొదలుపెట్టేది అందుకే, కరెంటు బిల్లు కట్టాలి కదా.

క్రాఫ్ట్ జిన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అసలు ఆల్కహాల్‌ని సొంతంగా తయారుచేయరు. పెద్ద ఫ్యాక్టరీల నుంచి శుద్ధి చేసిన స్పిరిట్ కొని, దాంట్లో దినుసులు వేసి మళ్లీ బట్టీ పెడతారు. మన దగ్గర దాన్నే ఈఎన్ఏ (ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్) అంటారు. ఇందులో మోసమేమీ లేదు. సాంబారు పెట్టేవాడు కంది పండించాలని ఎవరూ అనరు. చూడాల్సింది దినుసులు ఎలా ఎక్కించారన్నది. కొందరు రాత్రంతా నానబెట్టి కషాయం కాచినట్టు అన్నీ కలిపి మరిగిస్తారు. బీఫీటర్ జిన్‌కి 24 గంటలు నానబెట్టడం పద్ధతి. ఇంకొందరు దినుసులని పైన బుట్టలో పెట్టి కింద నుంచి వచ్చే ఆవిరి వాటిలోంచి పోయేలా చేస్తారు, ఇడ్లీ పాత్రలా. బాంబే సఫైర్ ఆ దారి, అందుకే అది తేలికగా ఉంటుంది. మూడో రకం బట్టీనే పెట్టకుండా ఎసెన్సులు కలిపేయడం. దాన్నీ జిన్ అనే అమ్మొచ్చు, దాని జోలికి పోకండి.

సీసా మీద "లండన్ డ్రై" అని ఉంటే అది ఊరి పేరు కాదు, పద్ధతి పేరు. రుచి అంతా బట్టీలోనే రావాలి, తర్వాత రంగు, వాసన ఏదీ కలపకూడదు, పంచదార లీటరుకి 0.1 గ్రాము దాటకూడదు. గోవాలో చేసినా లండన్ డ్రై అవుతుంది. మన గ్రేటర్ దాన్ అలాంటిదే, 2017లో వచ్చింది. మీ రెండో సీసాకి అదైనా సరే, స్ట్రేంజర్ అండ్ సన్స్ అయినా సరే. నన్నడిగితే టాంకరే పక్కన పోల్చడానికి స్ట్రేంజర్ అండ్ సన్స్ బాగుంటుంది, దాంట్లో మసాలా, నిమ్మజాతి తొక్కలు గట్టిగా తెలుస్తాయి. హపూసా ఇంకా దట్టంగా ఉంటుంది, దాంట్లో పసుపు, మామిడి కూడా పడతాయి. దాన్ని టానిక్‌లో (జిన్‌లో కలిపే చేదు సోడాలో) ముంచకండి.

నీలం రంగు జిన్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. టానిక్ పోయగానే నీలం నుంచి గులాబీ ఊదాకి మారిపోయేవి. కెనడాలో ఎంప్రెస్ 1908 అని ఒకటి ఉంది, పార్టీల్లో ఫోన్లు తీసి అందరూ వీడియోలు తీస్తారు. ఆ రంగు శంఖుపూలది. మీ ఇంటి గోడ మీద పాకే తీగే. నాలుగు పూలు వేడినీళ్లలో వేసి నిమ్మరసం పిండినా అదే మ్యాజిక్, పులుపు తగిలితే ఆ రంగు మారుతుంది. రంగు కోసం డబ్బు పెట్టాల్సిన పనిలేదు.

టానిక్ విషయంలో మాత్రం పిసినారితనం చేయకండి. గ్లాసులో మూడొంతులు అదే ఉంటుంది. నేను కొత్తలో షిప్పులో పెద్ద సీసాలోంచి గ్యాస్ పోయిన టానిక్ పోస్తే, ఒక స్కాటిష్ పెద్దావిడ ఏమీ అనకుండా గ్లాసు వెనక్కి జరిపి, ఇంకో చిన్న సీసా తెచ్చి తన ముందే మూత తీయమన్నారు. ఆ "ఫట్" శబ్దం విన్నాకే గ్లాసు ముట్టారు. ఆ రోజు నుంచి పెద్ద సీసా టానిక్ కొనలేదు. చిన్న సీసా, బాగా చల్లగా, గ్లాసు నిండా ఐస్, ఒక వంతు జిన్‌కి రెండు నుంచి మూడు వంతులు. టానిక్‌లో చేదు క్వినైన్‌ది, సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చే మలేరియా మందు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. కాబట్టి జిన్ అండ్ టానిక్ కథలో మనకీ ఒక మూల ఉంది. అయితే "టానిక్ తాగితే మలేరియా రాదు" అని బార్లో వినిపించే మాట నమ్మకండి. ఇప్పటి టానిక్‌లో క్వినైన్ ఎంత తక్కువంటే, వైద్యానికి సరిపడా రావాలంటే రోజుకి ఇరవై లీటర్ల పైనే తాగాలి. ఈలోపు పంచదారతో పోతాం.

ఇప్పుడు మూడో సీసా. మీరు విస్కీ మనిషి అని చెప్పారు కాబట్టే జెనీవర్ అంటున్నాను. జిన్‌కి తాత అది, నెదర్లాండ్స్, బెల్జియంలది. 1600ల చివర్లో డచ్ పాలకుడు విలియం ఇంగ్లండ్ గద్దె ఎక్కాక ఆ అలవాటు లండన్‌లో పాకింది. తర్వాత చౌక జిన్ తాగి ఆ ఊరు ఎంత చెడిందంటే 1751లో పార్లమెంటు గట్టి చట్టం తేవాల్సివచ్చింది. జెనీవర్‌లో జిన్‌లోలా రుచిలేని స్పిరిట్ ఒక్కటే కాదు, బార్లీ, రై, మొక్కజొన్నల నుంచి తీసిన మాల్ట్ వైన్ ఉంటుంది. అంటే ధాన్యం రుచి తెలుస్తుంది, జునిపర్ వెనక నుంచి వస్తుంది. విస్కీ తాగే నోటికి ఇది మెట్టులాంటిది. సీసా మీద "ఔదె" అని ఉన్నది అడగమనండి, "యోంగె" వద్దు. ఔదె అంటే పాత, యోంగె అంటే కొత్త, కానీ అది వయసు కాదు, తయారీ పద్ధతి. ఔదెలో మాల్ట్ వైన్ ఎక్కువ. ఆమ్‌స్టర్‌డామ్‌లో మా షిప్పు ఆగినప్పుడు పాత రుచిగదుల్లో చూశాను: తులిప్ పువ్వు ఆకారం గ్లాసుని అంచు దాటి ఉబ్బేదాకా నింపుతారు. చేత్తో ఎత్తితే ఒలుకుతుంది. అందుకని చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, బల్ల మీదే మొదటి గుటక జుర్రుకోవాలి. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులు కూడా గోలెం ముందు ఆవుల్లా వంగుతారు.

జిన్ అయ్యాక మిగతా ప్రపంచం. దేశాల లిస్టు పట్టుకోకుండా ఆ ఊళ్లో ఏం పండుతుందో చూడండి. ప్రతి చోటా సారా బట్టీ మొదలైంది చేతికి ఎక్కువగా దొరికినదానితోనే. చెరకు ఉన్న బ్రెజిల్‌లో చెరకురసంతో కషాసా, యాపిల్ తోటలున్న నార్మండీలో కాల్వడోస్, ద్రాక్ష ఉన్న పెరూలో పిస్కో. చైనాది బైజ్యూ. దాని ముడిసరుకు ముఖ్యంగా జొన్నలు! మన జొన్నలే. మొదటిసారి తాగినప్పుడు బాగా మాగిన పనసపండుని పులిసిన పిండిలో ముంచినట్టు అనిపించి ఉమ్మేశాను, నాలుగోసారికి గానీ దారికి రాలేదు. లుజౌ అనే ఊళ్లో జొన్న పులియబెట్టే మట్టి గుంటలు 1573 నుంచి వాడుకలో ఉన్నాయి, ఆ మట్టిలో ఉండే క్రిములే రుచికి మూలం. మీకు ఇప్పుడే వద్దు.

మీకు పొగ వాసన ఉన్న స్కాచ్ ఇష్టమైతే మెజ్కాల్ తప్పకుండా పట్టండి. మెక్సికోలో వహాకా ప్రాంతం దీనికి పేరు. అగేవ్ మొక్క మట్టలు నరికేస్తే మధ్యలో పెద్ద అనాసపండులా గడ్డ మిగులుతుంది. వాటిని నేలలో గొయ్యి తీసి, కాల్చిన రాళ్ల మీద పేర్చి, మట్టి కప్పి రోజుల తరబడి మగ్గబెడతారు. ఆ పొగ అక్కడి నుంచి వస్తుంది, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు గుర్తొస్తుంది. ఎక్కువగా వాడే ఎస్పాదిన్ రకం కోతకి రావడానికే ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. దీన్ని ఒకేసారి ఎత్తి తాగడం పాపం. పురుగు వేసిన సీసా చూసి ముచ్చటపడకండి, అది అమ్మకం ఎత్తుగడ. టెకీలా కూడా ఇదే కుటుంబం, కొనేటప్పుడు "100 శాతం అగేవ్" అని రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే 49 శాతం దాకా వేరే చక్కెరలు కలిపి ఉండొచ్చు.

ఈ అగేవ్ మీకు తెలియనిదేం కాదు. రాయలసీమలో పొలాల గట్ల మీద, రైలు పట్టాల పక్కన కంచెలా పెరిగే కిత్తనార మట్టలు ఆ జాతివే. దానితో స్పిరిట్ తీస్తున్న బట్టీ మన చిత్తూరు జిల్లాలోనే ఉంది. డెస్మండ్‌జీ పేరుతో 2011 నుంచి గోవాలో అమ్ముతున్నారు. టెకీలా అనే పేరు మెక్సికోకే చెందింది కాబట్టి వీళ్లు అగేవ్ అని మాత్రమే వేస్తారు. వహాకా సీసా పక్కన చిత్తూరు సీసా పెట్టి రుచి చూసిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తే. రెండూ ఒకేలా ఉండవు, ఉండక్కర్లేదు కూడా.

ఇంకోటి ఫెనీ, గోవా వెళ్తే వదలకండి. 2009లో జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతం సరుక్కే చెందుతుందన్న గుర్తింపు) వచ్చింది. నేను ఒక ఏప్రిల్‌లో బట్టీ చూడ్డానికి వెళ్లాను. జీడిమామిడి పండు చెట్టు నుంచి కోయరు, దానంతట అది రాలాలి. రాలినవి ఏరి, గింజ తిప్పి తీసి, పండుని రాతి తొట్టిలో కాళ్లతో తొక్కుతారు. రసాన్ని మూడు రోజులు పులియనిచ్చి బట్టీకి ఎక్కిస్తారు. మొదటి బట్టీలో దిగేది ఉర్రాక్, 15 శాతం చుట్టుపక్కల ఉంటుంది. లిమ్కా, ఉప్పు, చీరిన పచ్చిమిరపకాయ వేసుకుని అక్కడివాళ్లు తాగుతారు. అది వేసవిలోనే, అక్కడే. మళ్లీ బట్టీ పెడితే ఫెనీ. వాసన మాత్రం గదిలో మూత తీస్తే పక్కింటికి తెలుస్తుంది. నేను శ్రీకాకుళం వాడిని. పలాస వైపు తోటల్లో గింజ తీసుకుని పండు కుప్పలుగా పారేయడం చూస్తూ పెరిగాను. ఆ బట్టీ దగ్గర నిలబడినప్పుడు ఆ కుప్పలే గుర్తొచ్చాయి.

శ్రీలంక ఆరక్ కూడా చెప్పాలి, కానీ ఆ పేరు దగ్గర మనకి ఒక ముల్లు ఉంది. కొబ్బరి గెల కోసి తీసిన కల్లుని అదే రోజు బట్టీ పెట్టి, చెక్క పీపాల్లో నిలవ ఉంచుతారు. చెట్టు నుంచి చెట్టుకి కట్టిన తాళ్ల మీద గీతకారులు నడిచిపోతుంటారు. మంచి ఆరక్ తేలికపాటి రమ్‌కీ బ్రాందీకీ మధ్యలో, పూల వాసనతో ఉంటుంది. కానీ ఆరక్ అంటే తెలుగులో సారా. మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురుతిరిగిన ఉద్యమం ఆవిడ కళ్ల ముందు జరిగింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నేను బార్లో పనిచేస్తున్నానని ఆవిడకి చివరిదాకా చెప్పలేదు, "పెద్ద హోటల్లో ఉద్యోగం" అని మాత్రమే చెప్పాం. అందుకే రుచుల గురించి ఇంత మురిపెంగా మాట్లాడుతున్నప్పుడు ఆ గొంతు కూడా వినిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి ఇవి కూడా వినండి. ఇంట్లో బట్టీ పెట్టే ఆలోచన వద్దు, నేరం, ప్రమాదం కూడా. మొదట వచ్చే ధార, చివర వచ్చే ధార పక్కకి తీసేసి మధ్యది మాత్రమే ఉంచుకోవడం అనేది బట్టీ మనిషి ఏళ్ల మీద నేర్చుకునే పని. లేబుల్ లేని సీసా ఎంత "స్పెషల్" అని ఎవరు ఇచ్చినా ముట్టకండి, కల్తీ సారా చావులకి కారణమయ్యే మిథనాల్ రుచిలో తెలియదు. జునిపర్ మూలిక కదా, మంచిదే కదా అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. రుచి చూసే రోజు మొత్తం కలిపి 60 మిల్లీలీటర్లు దాటనివ్వకండి, తాళంచెవులు ఇంట్లో వాళ్లకి ఇచ్చేయండి. మందులు వాడుతుంటే డాక్టర్ని అడగండి.

డబ్బు విషయం: మూడు సీసాలకి మీ పదివేలు సరిపోవాలి, కాస్త మిగలొచ్చు కూడా. మిగిలితే నాలుగో సీసా కొనకండి. మంచి బార్‌కి వెళ్లి, జనం లేని వారం మధ్య రోజు, రాత్రి ఎనిమిదికి ముందు, బార్ కౌంటర్ దగ్గర కూర్చుని మెజ్కాల్ 30 మిల్లీలీటర్లు అడగండి. పనిలేని సమయంలో బార్‌టెండర్ దగ్గర దొరికినన్ని కబుర్లు ఎక్కడా దొరకవు. శనివారం రాత్రి అడిగితే మాత్రం తిట్టుకుంటాడు, నేనూ తిట్టుకునేవాణ్ని.

ఇక మీ అన్నయ్యకి చెప్పాల్సింది. విదేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తేగలిగేది మనిషికి రెండు లీటర్లు. ఇక్కడ దొరికే బ్రాండ్లతో ఆ కోటా వృథా చేయించకండి. ఒక లీటరు ఔదె జెనీవర్ తెమ్మనండి. జెనీవర్ ఊళ్లో దుకాణంలో కొంటే ఎక్కువ రకాలు ఉంటాయి, అలా కొన్నది చెక్-ఇన్ సామానులో పెట్టాలి. ఎయిర్‌పోర్టు డ్యూటీఫ్రీలో కొంటే, దారిలో విమానం మారేచోట మళ్లీ సెక్యూరిటీ ఉంటుంది కాబట్టి సీల్ వేసిన సంచి, లోపల రసీదు అలాగే ఉంచుకోవాలి, ఆశపడి మధ్యలో చింపకూడదు. కొన్ని జెనీవర్లు మట్టి జాడీల్లో వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, బరువు ఎక్కువ, మూలకి తగిలితే పగులుతాయి. జాడీ తెస్తానంటే సూట్‌కేసు మధ్యలో పెట్టి చుట్టూ జీన్స్ ప్యాంట్లు చుట్టమనండి, చొక్కాలు సరిపోవు.